పొగగొట్టంలో తేనెపట్టు

విద్యార్థి సంఘం కార్యదర్శి ఈ సంచికకి వ్యాసం అడగడానికి వచ్చినప్పుడు "మీ సబ్జెక్టులోదే రాయండి సార్, కాని మెకానికల్ కాని వాళ్ళకి కూడా అర్థమవ్వాలి" అని షరతు పెట్టాడు. నేను అంతర్దహన యంత్రాల పాఠం చెప్పేవాణ్ణి. ఇన్నేళ్ళుగా చెబుతున్న పాఠాల్లో ఒకటి మాత్రం మా విద్యార్థుల ముందు తల దించుకుని నేర్చుకున్నాను. అదే రాస్తున్నాను. పాత కారులోంచి కాలుష్యాన్ని అరికట్టే సామాను పీకేస్తే ఏమవుతుందన్నది విషయం. పీకించింది నేనే కనుక సాక్ష్యం కోసం ఎక్కడికీ పోనక్కర లేదు.

ఘాటు రోడ్డు మీద

మాది 2006 నాటి మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ. పన్నెండేళ్ళు నమ్మకంగా నడిచింది. 2018 మే నెలలో అమ్మనీ, పిల్లల్నీ ఎక్కించుకుని అరకు బయలుదేరాం. చదును రోడ్డు మీద ఏదోలా లాక్కొచ్చింది గాని అనంతగిరి ఘాటు మొదలయ్యేసరికి మొండికేసింది. ఆక్సిలరేటరు ఎంత తొక్కినా మూలగడమే తప్ప వేగం అందుకోదు. బానెట్టులోంచి మాడు వాసన. వెనకాల బస్సువాడి హారను. చేసేది లేక బండి తిప్పుకుని ఘాటు కింద ఊళ్ళో ఒక మెకానిక్కు దగ్గర ఆపాను.

అతను పనిలో చెయ్యి తిరిగినవాడు. రెండు నిమిషాలు ఇంజను చప్పుడు విన్నాడు. కారు కింద దూరి పొగగొట్టం జాయింటు బోల్టులు వదులు చేసి "ఇప్పుడు తొక్కండి" అన్నాడు. చెవులు చిల్లులు పడే చప్పుడుతో ఇంజను ఒక్కసారిగా లేచింది. "చూశారా సార్, గొంతు పట్టేసింది. కన్వర్టరు మూసుకుపోయింది" అన్నాడు. నిర్ధారణ నూటికి నూరుపాళ్ళూ సరైనది. వైద్యం దగ్గరే తేడా వచ్చింది.

"కొత్తది వేస్తే బోలెడవుద్ది సార్. పాత బండికి అంత ఎందుకు? లోపలిదంతా పొడిచేసి ఉత్త డొక్క బిగించేస్తాను. పికప్పు వస్తాది, మైలేజీ కూడా వస్తాది. అందరూ ఇదే చేయిస్తన్నారు."

"నేను ఇంజన్ల మీద పాఠాలే చెబుతానయ్యా" అనబోయి ఊరుకున్నాను. ఎండ మండిపోతోంది, పిల్లలు నస పెడుతున్నారు. సరే కానీమన్నాను.

ఇనప కడ్డీ పెట్టి నాలుగు పోట్లు పొడిచేసరికి లోపలినుంచి బూడిదరంగు ముక్కలు జలజల రాలాయి. "ఇవి నేనుంచుకుంటాను సార్, కూలిలో రెండొందలు తగ్గించి ఇవ్వండి" అన్నాడు. పాపం మంచివాడనుకున్నాను. ఆ ముక్కల మీద పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాలు ఉంటాయనీ, పాత సామాను వర్తకులు వాటికోసం వెతుక్కుంటూ వస్తారనీ నాకు పుస్తకంలో తెలుసు, రోడ్డు మీద గుర్తు రాలేదు. ఒక ముక్క మా అబ్బాయి కాళ్ళ దగ్గర పడింది. "తేనెపట్టులా ఉంది నాన్నా" అంటూ జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం కారు ఘాటు చకచకా ఎక్కేసింది. మెకానిక్కుని దారి పొడుగునా మెచ్చుకున్నాను.

ఒక లీటరు పెట్రోలు, ఒక రోజు ఊపిరి

కథ కాస్సేపు ఆపి పాఠంలోకి వద్దాం.

పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక కిలోకి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలోకి కాస్త తక్కువ. లెక్క వేస్తే ఒక్క లీటరుకి దాదాపు 11 కిలోల గాలి, అంటే 9,000 లీటర్ల గాలి, కావాలి. మనిషి రోజు మొత్తం మీద పీల్చే గాలి పది పదకొండు వేల లీటర్లు. అంటే లీటరు పెట్రోలు కాల్చిన ప్రతిసారీ ఒక మనిషి రోజంతా పీల్చేంత గాలిని ఇంజను ఇంచుమించు పీల్చేస్తుంది. దాన్ని ఎలాంటి స్థితిలో వదులుతోందన్నదే ప్రశ్న.

అంతా సక్రమంగా కాలితే వచ్చేది నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడు. కాని సిలిండరులో ఒక్కొక్క దహనానికి దొరికే వ్యవధి సెకనులో అతి చిన్న భాగం. అంత హడావుడిలో వంట సరిగ్గా కుదరదు. అందుచేత మూడు అవాంఛిత పదార్థాలు తయారవుతాయి.

ఒకటి, కార్బన్ మోనాక్సైడు. ఆక్సిజన్ చాలక సగం కాలిన కార్బన్ ఇది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే దీనిమీద రెండువందల రెట్లకు పైగా మక్కువ. ఇది ఎక్కి కూర్చున్న చోట ఆక్సిజన్‌కి చోటు దొరకదు. రెండు, హైడ్రోకార్బన్లు. అంటే అసలు కాలకుండా, లేక సగం కాలి బయటికొచ్చిన పెట్రోలు. మనకి వచ్చే ఘాటైన వాసన వీటిదే. మూడు, నత్రజని ఆక్సైడులు. వీటి తీరు వేరు. ఇవి సరిగ్గా కాలకపోవడం వల్ల పుట్టవు, మంట మరీ వేడెక్కడం వల్ల గాలిలోని నత్రజనే ఆక్సిజన్‌తో కలిసి పుడతాయి. ఎండలో ఇవీ హైడ్రోకార్బన్లూ కలిస్తే నేలమట్టాన ఓజోను తయారవుతుంది. ఆకాశంలో పైనున్న ఓజోను మనకి గొడుగు, ముక్కు దగ్గరిది మాత్రం ఊపిరితిత్తులకి శత్రువు.

తేనెపట్టు చేసే పని

ఈ మూడింటినీ పొగగొట్టంలోనే పట్టుకుని మార్చేసే పరికరం కాటలిటిక్ కన్వర్టరు. బయటికి చూస్తే చిన్న సైలెన్సరు డబ్బాలా ఉంటుంది. లోపల పింగాణీ జాతి పదార్థంతో చేసిన దిమ్మ, దాన్నిండా సన్నని నిలువు గదులు. చదరపు అంగుళానికి 400 గదులుండటం మామూలు. ఆ గదుల గోడలకి అల్యూమినా పూత పూస్తారు. పూత గరుకుదనం ఎంతటిదంటే ఒక్క గ్రాముకే వంద చదరపు మీటర్ల వరకూ ఉపరితలం ఉంటుంది. దాని మీద చల్లినట్టుగా నేను పైన చెప్పిన లోహాలు, అన్నీ కలిపి కొద్ది గ్రాములు.

పెళ్ళి కుదిర్చిన పేరయ్య కాపరం చెయ్యడు. ఉత్ప్రేరకమూ అంతే. చర్య జరిపిస్తుంది గాని తాను ఖర్చవదు. ప్లాటినం, పల్లాడియం కలిసి కార్బన్ మోనాక్సైడునీ, హైడ్రోకార్బన్లనీ ఆక్సిజన్‌తో కలుపుతాయి. రోడియం నత్రజని ఆక్సైడుల నుంచి ఆక్సిజన్ విడదీసి నత్రజనిని నత్రజనిగా వదిలేస్తుంది. మూడు పనులూ చేస్తుంది కనుక మూడు దారుల కన్వర్టరు అంటారు.

దీనికి రెండు షరతులున్నాయి. మొదటిది వేడి. సుమారు 250, 300 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే గాని ఇది నిద్ర లేవదు. పొద్దున్నే స్టార్టు చేసిన మొదటి నిమిషాల్లో పొగ ఎక్కువ ఘాటుగా ఉండేది అందుకే. రెండవది కొలత. గాలి, పెట్రోలు పాళ్ళు 14.7 దగ్గరే ఊగిసలాడుతూ ఉండాలి. గాలి ఎక్కువైతే రోడియం పని సాగదు, పెట్రోలు ఎక్కువైతే మిగతా రెండూ చేతులెత్తేస్తాయి. ఈ కొలత చూసేందుకు కన్వర్టరుకి ముందు ఆక్సిజన్ సెన్సారు ఉంటుంది. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో అది కంప్యూటరుకి చెబుతుంది. కంప్యూటరు దాన్నిబట్టి పెట్రోలు పెంచడమో తగ్గించడమో చేస్తుంది. ఈ సెన్సారు సంగతి గుర్తుంచుకోండి, మా కారు జబ్బు ఇక్కడే దాగుంది.

పీకేస్తే మంచిదన్న నమ్మకం ఎక్కడిది?

మెకానిక్కు మాట అతను కల్పించింది కాదు. దానికి సుమారు యాభై ఏళ్ళ చరిత్ర ఉంది.

అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరాన్ని 1940ల నుంచీ కళ్ళు మండించే ఒక పొగమంచు పట్టి పీడించింది. కాల్టెక్‌లో అనాసపండు వాసనకి కారణమైన పదార్థాల మీద పరిశోధన చేస్తున్న హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆ మంచు పుట్టేది కార్లూ చమురు శుద్ధి కర్మాగారాలూ వదిలే వాయువులు ఎండకి ఉడకడం వల్లనే అని 1950ల మొదట్లో తేల్చాడు. ఫ్రాన్సు నుంచి వచ్చిన యూజీన్ హూడ్రీ అనే ఇంజనీరు ఆ దశకంలోనే పొగగొట్టానికి ఉత్ప్రేరకం తయారు చేశాడు. కాని అప్పటి పెట్రోలులో సీసం కలిసేది. సీసం ఉత్ప్రేరకం మీద పొరలా పేరుకుని దాన్ని చంపేస్తుంది. 1970లో అక్కడ కొత్త వాయు శుద్ధి చట్టం వచ్చి, 1975 మోడలు కార్లకి కన్వర్టర్లు, వాటితోబాటు సీసం లేని పెట్రోలూ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఆ తొలి సంవత్సరాల కార్లు నిజంగానే నీరసంగా ఉండేవి. కాలుష్యం తగ్గించడానికి సంపీడన నిష్పత్తి తగ్గించారు, స్పార్కు ఆలస్యం చేశారు, కార్బురేటరుకి రబ్బరు గొట్టాల జడలు వేశారు. పైగా 1973 నాటి చమురు సంక్షోభం. జనానికి విసుగెత్తి ఆ సామాను పీకించడం మొదలుపెట్టారు. కొందరు చవకైన సీసం పెట్రోలు పోయడానికి ట్యాంకు మూతి దగ్గర సన్నం చేసిన గొట్టాన్ని కూడా పగలగొట్టారు. పీకితే ఒకటి రెండు రకాల బళ్ళలో కొంచెం బలం వచ్చిన మాటా వాస్తవమే. ఆ అనుభవమే సామెతగా మారి, ఇంజెక్షనూ కంప్యూటరూ వచ్చి కాలం మారాక కూడా షెడ్డు నుంచి షెడ్డుకి తిరుగుతోంది.

మన దేశంలో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి 1995 ఏప్రిల్ నుంచి కన్వర్టరు తప్పనిసరి చేశారు. సీసం లేని పెట్రోలు మొదట అక్కడే దొరికేది. నగరం దాటి వచ్చిన కారుకి దారిలో సీసం పెట్రోలే గతి. నాలుగు ట్యాంకులు పోసేసరికి తేనెపట్టు చచ్చేది. చచ్చినదాన్ని మోసుకు తిరగడమెందుకని పీకించేవారు. దేశమంతటా సీసం పెట్రోలు ఆగిపోయింది 2000 సంవత్సరంలో. భారత్ స్టేజి 2 ప్రమాణాలు హైదరాబాదుకి 2003లోనూ, దేశమంతటికీ 2005లోనూ వచ్చాయి. మా కారు ఆ ప్రమాణాల బిడ్డే. అంటే పీకడానికి 1996లో ఉన్న సాకు కూడా నాకు లేదు.

ఇంట్లో, తరవాత లాబులో

అరకు నుంచి వచ్చాక నాలుగు నెలలు హాయిగా నడిపాను. మైలేజీ మాత్రం పెరగలేదు. లీటరుకి పదిహేడు వచ్చేది పధ్నాలుగుకి దిగింది. ట్రాఫిక్కు ఎక్కువైందనుకున్నాను.

మా ఇంట్లో అమ్మ గది కిటికీ పోర్టికోలోకి ఉంటుంది. పొద్దున్న కారు తీసేటప్పుడు ఆవిడ కిటికీ తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. "ఏవిట్రా ఈ కంపు, గొంతు మండిపోతోంది" అంది ఒకసారి. "పాత కారు కదమ్మా" అన్నాను. సందు చివర బడి బస్సు కోసం నిలబడే పిల్లలు ఏమీ అనలేదు. అనరు కూడా.

మధ్యలో కాలుష్య ధ్రువపత్రం గడువు తీరింది. ఒక కేంద్రానికి వెళితే గొట్టం పొగలో పెట్టకుండానే కాగితం అచ్చువేసి చేతికిచ్చారు. అన్నీ హద్దుల్లోనే ఉన్నట్టు అంకెలున్నాయి. తప్పని తెలిసీ మడిచి డాష్‌బోర్డులో పెట్టుకున్నాను. వాళ్ళని తప్పు పట్టే ముందు ఆ కాగితం తీసుకున్న చెయ్యి నాదని రాయడం న్యాయం.

2019 జనవరిలో మూడో సంవత్సరం వాళ్ళకి పొగ విశ్లేషణ ప్రయోగం. లాబులో ఉన్న ఇంజను ఆవేళ మొరాయించింది. "నా కారు బయటే ఉంది, దానిమీద చేద్దాం" అన్నాను గొప్పగా. ఇంజను వేడెక్కించాం, అనలైజరు సున్నా చేశాం, గొట్టంలో ప్రోబు పెట్టాం. నా కారుకి వర్తించే హద్దులు బోర్డు మీద ముందే రాశాను. ఐడ్లింగులో కార్బన్ మోనాక్సైడు 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం. పీపీఎం అంటే పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళు అని.

అనలైజరు చూపించినది: కార్బన్ మోనాక్సైడు 3.1 శాతం. హైడ్రోకార్బన్లు 1,400.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ముందు వరసలో ఉన్న ఒక అమ్మాయి, రికార్డు పుస్తకంలోంచి తలెత్తి, చాలా మర్యాదగా, "సార్, దీన్లో కన్వర్టరు ఉందా?" అని అడిగింది.

"లేదమ్మా, తీయించేశాను" అన్నాను.

"ఎందుకు సార్?"

మామూలు ప్రశ్నే. దానికి నా దగ్గర జవాబు లేదు. "ఘాటు ఎక్కలేదు" అన్నాను. "ఎందుకు ఎక్కలేదు సార్?" "మూసుకుపోయింది." "ఎందుకు మూసుకుపోయింది సార్?" అక్కడ ఆగిపోయాను. మెకానిక్కూ అడగలేదు, నేనూ అడగలేదు, ఆ ప్రశ్న.

ఎందుకు మూసుకుపోయింది?

ఆ రోజు ప్రయోగం రద్దు చేసి ఆ ప్రశ్న మీదే పడ్డాం. ఒక్కొక్క ప్లగ్గు వైరూ తీసి చూస్తే రెండో సిలిండరుది తీసినప్పుడు ఇంజను చప్పుడులో పెద్ద తేడా లేదు. అంటే ఆ సిలిండరు అప్పటికే సరిగా పనిచెయ్యడం లేదన్నమాట. వైరు చీకట్లో పెట్టి చూశాం. పగులులోంచి నీలిరంగు నిప్పురవ్వ బాడీకి దూకుతోంది. కారణం చేతికి చిక్కింది.

గొలుసు ఇలా సాగింది. స్పార్కు అప్పుడప్పుడు తప్పిపోవడంతో ఆ సిలిండరులోని పెట్రోలు, గాలి కాలకుండా పొగగొట్టంలోకి పోయాయి. కన్వర్టరులో వేడి ఉంది, ఉత్ప్రేరకం ఉంది. ఇంజనులో కాలాల్సింది అక్కడ కాలింది. ఆ వేడికి తేనెపట్టు గదులు కరిగి ముద్ద కట్టి దారి మూసేశాయి. కాబట్టి కన్వర్టరు జబ్బు కాదు, జబ్బు చేసిన వాడికి వచ్చిన జ్వరం. మేము జ్వరం వచ్చిందని థర్మామీటరు విరగ్గొట్టాం.

తీసేశాక బలం వచ్చింది కదా అంటారు. వచ్చింది. మూసుకుపోయిన గొట్టం తెరిస్తే ఎవరికైనా ఊపిరి ఆడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కన్వర్టరుతో పోలిస్తే రాలేదు. మామూలు నడకలో మంచి కన్వర్టరు అడ్డుకునే బలం డ్రైవరు పసిగట్టగలిగేంత ఉండదు. మెకానిక్కు పోల్చింది చచ్చినదానితో. నేనూ దానితోనే పోల్చి మెచ్చుకున్నాను.

ఇక మైలేజీ. కాలని సిలిండరులోంచి పెట్రోలు ఒక్కటే రాదు, వాడని ఆక్సిజన్ కూడా వస్తుంది. సెన్సారుకి ఆక్సిజన్ మాత్రమే కనబడుతుంది. "ఆక్సిజన్ మిగిలిపోతోంది, పెట్రోలు చాలడం లేదు" అని కంప్యూటరుకి చెబుతుంది. కంప్యూటరు అమాయకంగా మూడు సిలిండర్లకీ పెట్రోలు పెంచుతుంది. బాగున్న రెండు సిలిండర్లు కూడా సగం కాల్చిన పొగ వదలడం మొదలుపెడతాయి. 3.1 శాతం అలా వచ్చింది. ఇదివరకు ఆ పాపం కొంత కన్వర్టరు మింగేది. ఇప్పుడు మింగేవాడు లేడు. నాలుగు నెలలకి పైగా అది మా అమ్మ కిటికీలోకీ, బడి పిల్లల ముక్కుల్లోకీ పోయింది.

తరవాత వారం వైర్లూ ప్లగ్గులూ కొత్తవి వేసి, డొక్క కన్వర్టరుతోనే మళ్ళీ కొలిచాం. కార్బన్ మోనాక్సైడు 0.8, హైడ్రోకార్బన్లు 220. హైడ్రోకార్బన్లు హద్దులోకి వచ్చాయి, కార్బన్ మోనాక్సైడు రాలేదు. ఆ నెల జీతంలో నాలుగోవంతు పెట్టి అసలైన కన్వర్టరు కొని బిగించాక మూడోసారి కొలిచాం. 0.1, ఇంకా 40. అవే ప్రోబు, అవే చేతులు, అదే కారు.

విద్యార్థులు ఈ మూడు వరసలూ పట్టిక వేసుకున్నారు. నేను చెప్పకుండానే ఒకడు కింద గమనిక రాశాడు: ఈ పరీక్షలో నత్రజని ఆక్సైడులు కొలవలేదు. నిజమే. మన ధ్రువపత్రం పరీక్ష ఐడ్లింగులో చేసేది, అందులో వాటి ఊసే లేదు. కనుక కన్వర్టరు లేని బండి ఎలాగోలా ఆ పరీక్ష గట్టెక్కినా, రోడ్డు మీద బరువు లాగేటప్పుడు ఏం వదులుతోందో ఆ కాగితం చెప్పదు.

మిగతా సామాను

కన్వర్టరు ఒక్కటే కాదు, బానెట్టు కింద పీకుడికి గురయ్యేవి మరి మూడున్నాయి.

1. క్రాంక్‌కేసు గాలి వాల్వు. పిస్టను పక్కనుంచి కిందికి జారిన వాయువుల్ని మళ్ళీ ఇంజనులోకే పంపే చిన్న వాల్వు ఇది. కాలిఫోర్నియాలో 1960ల మొదట్లో అన్నిటికంటే ముందు వచ్చిన కాలుష్య పరికరం ఇదే. ఇది తీసి గొట్టం గాలికి వదిలేస్తే ఆ వాయువులు, తేమ నూనెలో చేరి జిగురు బురదలా తయారవుతుంది. నష్టపోయేది ఇంజనే.

2. బొగ్గు డబ్బా. ట్యాంకులో ఆవిరయ్యే పెట్రోలుని పీల్చి దాచి, ఇంజను నడిచేటప్పుడు తిరిగి ఇస్తుంది. తీసేస్తే మన డబ్బే ఆవిరిగా పోతుంది. పైగా ఎండలో నిలిపిన కారు చుట్టూ పెట్రోలు వాసన.

3. పొగను తిరిగి పంపే వాల్వు, అంటే ఈజీఆర్. డీజిలు బళ్ళవాళ్ళు దీని దారికి రేకుముక్క అడ్డం పెట్టించడం ఎక్కువ. కొంత పొగ తిరిగి లోపలికి పంపితే మంట వేడి తగ్గి నత్రజని ఆక్సైడులు తక్కువ పుడతాయి. మసి పట్టి ఈ వాల్వు ఇరుక్కోవడం నిజమే. విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు బాగవుతుంది. రేకు పెడితే ఇంజను శుభ్రంగా ఉంటుందన్నదీ అబద్ధం కాదు. ఇంజను శుభ్రం, ఊరు మురికి. ఇల్లు ఊడ్చి చెత్త పక్కవాడి వాకిట్లో పోసినట్టు.

చట్టం సంగతి

క్లుప్తంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన సొంతదారుకి ఒక్కొక్క మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కాలుష్య ప్రమాణాలు మీరితే 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ.

ఒక న్యాయమైన సందేహం ఉంది. అసలు ఈ సామాను లేకుండానే పుట్టిన పాత అంబాసిడరు, పద్మిని మాటేమిటి? చట్టం దాన్నీ గుర్తించింది. భారత్ స్టేజి 2కి ముందు నాటి పెట్రోలు కార్లకి హద్దు 3 శాతం. పుట్టుకతో లేనిదాన్ని ఎవరూ అడగడం లేదు. ఇచ్చినదాన్ని పారెయ్యొద్దనే అంటున్నారు. ఆ లెక్కన నా 2006 కారు, తాతల నాటి అంబాసిడరుకి పెట్టిన హద్దుని కూడా మీరింది. ఆ పోలిక మా విద్యార్థులే వేసి చూపించారు.

పీకే ముందు

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ నాన్నగారో మావయ్యగారో కారు లాగడం లేదని అంటే, ఎవరైనా కడ్డీ పట్టుకునే ముందు ఈ వరస చూడండి.

ముందు ప్లగ్గులు, వైర్లు, కాయిలు, ఎయిరు ఫిల్టరు. సగం జబ్బులు ఇక్కడే. తరవాత ఇంజను నూనె తాగుతోందేమో చూడండి, ఆ నూనె బూడిద కూడా ఉత్ప్రేరకాన్ని కప్పేస్తుంది. కన్వర్టరు మూసుకుందో లేదో పగలగొట్టకుండానే తెలుస్తుంది. ఇన్‌టేకు మానిఫోల్డుకి వాక్యూము గేజి తగిలించి ఇంజను వేగం 2,500 దగ్గర నిలిపి ఉంచండి. ముల్లు నిలకడగా ఉంటే దారి బాగున్నట్టు, నెమ్మదిగా దిగజారుతుంటే మూసుకున్నట్టు. మూసుకుంటే మార్చాల్సిందే, కాని మూసుకున్న కారణం పట్టుకుని సరిచేశాకే కొత్తది వేయండి. లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. పాతదాన్ని ఊరికే ఇచ్చెయ్యకండి, దానికి విలువుంది. 2019 తరవాత ఆ లోహాల ధరలు పెరిగి దేశదేశాల్లో నిలిపి ఉన్న కార్ల కిందనుంచి కన్వర్టర్లు కోసుకుపోయే దొంగలు తయారయ్యారు. మన దేశంలో దొంగ అక్కర్లేదు, మనమే కూలిచ్చి మరీ అప్పగిస్తున్నాం.

2021లో మా కారుకి పదిహేనేళ్ళు నిండాయి. రిజిస్ట్రేషను పొడిగింపుకి తీసుకెళ్ళినప్పుడు, కాలుష్య ధ్రువపత్రం కోసం వేరే కేంద్రంలో గొట్టం నిజంగానే పొగలో పెట్టించుకుని, అంకెలు తెర మీద పడేదాకా దగ్గరే నిలబడ్డాను.

అమ్మ కిటికీ సంగతి నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కన్వర్టరు మార్చిన కొన్నాళ్ళకి ఒక పొద్దున్న కారు తీస్తూ చూస్తే తలుపు తీసే ఉంది.

మా అబ్బాయి జేబులో వేసుకున్న ముక్క ఇప్పుడు మన లాబులో, అనలైజరు పక్కన, గాజు పళ్ళెంలో ఉంది. ఒక వైపునుంచి చూస్తే గదుల్లోంచి వెలుతురు కనబడుతుంది. రెండోవైపు కరిగి గడ్డకట్టిన బెల్లంలా మూసుకుపోయి ఉంటుంది. వైవాలో దాన్ని చేతికిచ్చి ఇదేమిటని నేను అడగను, అది అందరూ చెప్పేస్తారు. ఇది ఎందుకు కరిగిందని అడుగుతాను. ఆ ప్రశ్న నాది కాదు. 2019లో ముందు వరసలో కూర్చున్న అమ్మాయిది.